మా మేనత్త మానేసిన ఉప్పు

మా మేనత్త పోయిందన్న ఉత్తరం రంగూన్‌లో నా చేతికి అందేసరికి అక్కడ ఆవిడ పెద్దకర్మ కూడా అయిపోయింది. ఓడల మీద వచ్చే కబుర్లతో ఇదే చిక్కు. మనం ఇక్కడ కులాసాగా భోంచేస్తున్న పూట అక్కడ ఏం జరుగుతోందో తెలియదు. తమ్ముడు నాలుగు ముక్కలే రాశాడు. మంగళవారం పొద్దున పోయిందనీ, పెద్దగా బాధపడలేదనీ, అంతా కొల్లేటికోటలోనే జరిపించారనీ, వివరాలు మళ్ళీ రాస్తాననీ.

చదివాక నేను మొదట ఏడవలేదు. వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టాను. అంతకు మూడు వారాల ముందే అత్తకు ఒక ఉత్తరం వేసి ఉన్నాను. ఆరేళ్ళుగా దాచుకున్న మాట అందులో రాశాను. అది సముద్రం దాటి కాకినాడ చేరి, ఏలూరు చేరి, అక్కడి నుంచి పడవెక్కి కొల్లేటికోట వెళ్ళేసరికి అత్త ఉందా, లేదా? ఒకసారి లెక్కపెడితే ఉన్నట్టు తేలేది, మరోసారి లేనట్టు తేలేది. తమ్ముడి రెండో ఉత్తరం కోసం కాచుకుని, ఊరికే కూర్చోలేక, ఇది రాయడం మొదలుపెట్టాను. పాఠకులు నా తొందరపాటును మన్నించాలి.

ఆవిడ మా నాన్నకు అక్క. నాన్న నాలుగు అక్షరాలు నేర్చుకుని ఏలూరులో గుమస్తాగా చేరాడు గానీ, అత్త కొల్లేటికోట వదల్లేదు. చిన్నతనంలోనే మామయ్య పోయాడు. పిల్లల్లేరు. చేపలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి కైకలూరు సంతలో అమ్ముకుని బతికింది. ఎవరింటికైనా వెళితే కూర్చోకముందే మంచినీళ్ళు అడిగేది. దాహం వేసి కాదు. ఒక చుక్క నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. ఎండాకాలంలో సముద్రపు నీరు ఉప్పుటేటి గుండా ఎగదన్ని కొల్లేట్లోకి వస్తుంది. అది ఎందాకా వచ్చిందో ఆవిడ దోనెలో కూర్చుని, వేలు ముంచి, నాకి చెప్పేది. మగవాళ్ళు ఆ మాట విని వలలు వేసుకునేవారు. “కొత్త ఊరెళ్తే ముందు నీళ్ళు అడగాలే. నీళ్ళెలాంటివో తెలిస్తే అన్నం సంగతి అదే తెలుస్తుంది” అనేది.

నాకు పంతొమ్మిదో ఏట ఉబ్బు వచ్చింది. పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకునేవి కావు. మూత్రపిండాల జబ్బన్నారు. ఏలూరులో డాక్టరుగారు ఐదు నెలలు మందిచ్చి, ఉప్పు పూర్తిగా మాన్పించి, మొత్తానికి లేపి కూర్చోబెట్టారు. అప్పటికి మావారు రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేస్తున్నారు. ఉండడానికి గదులు దొరికాయి, రమ్మని రాశారు. డాక్టరుగారు వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

“నాలుగు రోజుల ప్రయాణం కాదమ్మా నా భయం. ఆ నాలుగు రోజులూ ఏం తింటారన్నది. ఏడాదిపాటు ఉప్పు కల్లు నోట పడకూడదు. మళ్ళీ ఉబ్బిందంటే నేనేం చెప్పలేనండీ” అన్నారు నాన్న వంక చూసి.

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. కొల్లేటి నుంచి నన్ను చూడడానికి వచ్చిన అత్త గుమ్మం పక్కన నిలబడి అంతా వింది.

“తాజా చేప తినొచ్చాండీ?” అని అడిగింది.

“రోజుకో చిన్న ముక్క తినొచ్చు. ఉప్పు లేకుండా. అయినా సముద్రం మధ్యలో తాజా చేప ఎక్కడిదమ్మా?”

“అది నేను చూసుకుంటానండీ” అంది అత్త. తనూ నాతో రంగూన్ వస్తోందని మాకు తెలిసింది ఆ మాటతోనే. అంతవరకూ ఆవిడ కైకలూరు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళిన మనిషి కాదు.

ప్రయాణం రోజున అత్త మూటలు చూసి నాన్న ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. పాత బియ్యం, అటుకులు, సగ్గుబియ్యం, బార్లీ డబ్బా, ఒక సంచి నిమ్మకాయలు, వేయించి దంచిన ధనియాలు, మిరియాలు. ఇవి ఒక ఎత్తు. ఉట్టిలో కూర్చోబెట్టిన కుండ ఒక ఎత్తు. దాని మూతికి పాత వలముక్క కట్టి ఉంది. లోపల కొల్లేటి నీళ్ళలో ఎనిమిది కొర్రమీనులు, ప్రాణాలతో. కొర్రమీను మొండి చేప. జానెడు నీళ్ళుంటే చాలు, పైకొచ్చి గాలి పీల్చుకుని రోజుల తరబడి బతుకుతుంది. మా వైపు బాలింతకూ, జ్వరం తగ్గినవాడికీ అదే పెడతారు.

ఏలూరు స్టేషన్‌లో టిక్కెట్లు చూసే ఆయన కుండ దగ్గర ఆగాడు.

“ఏముందమ్మా ఇందులో?”

“మా పిల్ల మందండీ.”

అదే క్షణాన లోపల ఒకటి ఎగిరి వలకు కొట్టుకుంది.

“మందు గెంతుతోందేంటమ్మా?”

“బలమైన మందండీ, బాబూ” అంది అత్త, ముఖంలో ఏమాత్రం తేడా లేకుండా. ఆయన నవ్వాపుకోలేక వెళ్ళిపోయాడు. ఆ తరువాత నేను నవ్వింది మళ్ళీ రంగూన్‌లోనే.

రైలెక్కే ముందు అత్త నా కుడికాలు ముందుకు చాపమంది. మోకాళ్ళ మీద కూర్చుని, వల అల్లే దారం చీలమండ చుట్టూ తిప్పి, కొస ఎక్కడికి వచ్చిందో అక్కడ ముడి వేసింది. బొటనవేలితో కాలు నొక్కి చూసింది. “రోజూ పొద్దున్నే ఇది చుట్టి చూస్తాను. ముడొచ్చి కొసని తాకితే మనం గట్టెక్కినట్టే. తాకలేదో, ఎక్కడో ఉప్పు తగిలినట్టు” అంది. నాకు పెళ్ళినాడు మెట్టెలు తొడిగినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

కాకినాడ రేవులో ఓడెక్కాం. పైన డెక్కు మీద చాపలు పరుచుకున్నాం. పూటకింత అని తాగే నీళ్ళు కొలిచి పోసేవారు. కడుక్కోవడానికి మాత్రం బకెట్టుకు తాడు కట్టి సముద్రపు నీళ్ళు తోడిచ్చేవారు. ఓడ వంటవాడి దగ్గర అన్నం దొరికేది గానీ అందులో ఉప్పు ఎంతో ఎవరికి తెలుసు? అత్త వెళ్ళి, వాడి ముందున్న చేపల బుట్ట లాక్కుని, వాడు చూస్తుండగానే అన్నీ శుభ్రం చేసి పెట్టింది. ఆవిడ భాష వాడికి రాదు, వాడి భాష ఆవిడకు రాదు. పొయ్యి మీద ఒక మూల మాత్రం మాకు దొరికింది. ఓడలో రొట్టె ఇచ్చారు. అత్త అంచు కొరికి, “ఇందులోనూ వేసేరు” అని పక్కన పెట్టేసింది.

మొదటి రోజు కొర్రమీను ముక్క నిమ్మరసంతో, ధనియాల పొడితో ఉడికించి పెట్టింది. “తినవే తల్లీ. కడుపు ఖాళీగా ఉంచుకోకు. ఆకలేస్తే కంటికి ప్రతిదీ మంచిదే అనిపిస్తుంది” అంది. తిన్నాను. ఐదు నెలలుగా అదే చప్పిడి. నా నోరు నా మీద పగబట్టి ఉంది.

మా పక్క చాప తాడేపల్లిగూడెం ఆవిడది. కొడుకు దగ్గరికి వెళుతోంది. మెత్తని మనిషి, మాటకు ముందు ఒక ‘అండీ’, వెనక ఒక ‘అండీ’. ఆవిడ దగ్గర మాగాయ జాడీ ఉంది. మూత తీసినప్పుడల్లా ఆ వాసనకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అత్త నీళ్ళ వరసలో నిలబడడానికి వెళ్ళిన మధ్యాహ్నం ఆవిడ నన్ను చూసింది.

“పాపం, రోజూ ఆ చప్పిడి కూడు ఎలా తింటారండీ? ఒక్క టెంక చీకితే ఏమవుతుందండీ?”

ఆవిడను తప్పుపట్టను. నా జబ్బేమిటో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. తెలిసే చెయ్యి చాపాను. టెంక చీకాను, వేళ్ళు నాక్కున్నాను, చెంగుతో మూతి తుడుచుకున్నాను. ఆ సాయంత్రం అత్త మళ్ళీ నీళ్ళకు వెళితే మళ్ళీ తిన్నాను. మర్నాడు రెండు పూటలా, అత్త అటు వెళ్ళగానే, మాగాయ కలుపుకుని ముద్దలే తిన్నాను. ఇలా రాస్తుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ రెండో రోజు ఓడలో నీళ్ళు తగ్గించారు. అత్తకు సంకటం వచ్చిపడింది. కుండలో చేపలకు నీళ్ళు మార్చాలా, నాకు జావ కాచాలా? అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. కొల్లేటి మనిషి తప్ప ఇంకెవరూ అలా చెయ్యరు. తోడిన సముద్రపు నీళ్ళు సగం, పాత నీళ్ళు సగం కలిపి కుండ నింపింది. “ఎండాకాలం ఉప్పుటేరు ఎగదన్నితే ఈ చేపలే ఆ నీళ్ళలో ఉండట్లేదా? రెండు రోజులు ఓర్చుకుంటాయి” అంది. ఆ కుండలోంచే సాయంత్రం ఒక చేప తీసి నాకు వండింది.

మూడో రోజు పొద్దున నిద్ర లేచి ఆవలించాను. అత్త నా పక్కనే దారం పట్టుకుని కూర్చుని ఉంది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తరువాత వంగి దారం చుట్టింది.

ముడి అందలేదు. ముడికీ కొసకీ మధ్య వేలెడు ఎడం. విప్పి మళ్ళీ చుట్టింది. మళ్ళీ వేలెడే. బొటనవేలితో నొక్కితే గుంట పడింది. ఆ గుంట పూడుకోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. నా కనురెప్పలు బరువుగా ఉన్నాయి. డాక్టరుగారి మాట చెవిలో మోగింది. చుట్టూ సముద్రం. ఓడ దిగడానికి ఇంకా రోజున్నర. దిగేచోట రేవు డాక్టరు ఒక్కొక్కరినీ నిలబెట్టి చూస్తాడట. ముఖం వాచినవాళ్ళను పక్కకు తీస్తాడట.

అత్త లేచి కుండ దగ్గరికి వెళ్ళింది. మిగిలిన వాటిలో రెండు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. కుండలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

“అయ్యో, నా చేతులారా నేనే చేసేను” అంది గట్టిగా, డెక్కు మీద వాళ్ళంతా తిరిగి చూసేలా. “ఉప్పునీళ్ళలో నానిన చేప వండి పెట్టేను. ఇది నా తప్పే.”

నేను నోరు తెరవాలి. అత్తా, చేప కాదు, మాగాయ అనాలి. మూడు ముక్కల మాట. తాడేపల్లిగూడెం ఆవిడ నా వంక చూసి తల దించుకుంది. నేనూ దించుకున్నాను. భయం వేసింది. సిగ్గేసింది. తీరా చూస్తే, తప్పు అత్త తన నెత్తిన వేసుకోవడం నాకు సుఖంగానే ఉంది. ఆ సుఖాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

“ఇది విను” అంది అత్త నా దగ్గర కూర్చుని. “నీ ఒంట్లో ఉబ్బు పూర్తిగా పోయేదాకా నేనూ ఉప్పు ముట్టను. పెట్టిన చెయ్యి నాది కాబట్టి మానే నోరూ నాదే.”

ఆ రోజున్నర ఎలా గడిచిందో! బార్లీ నీళ్ళు, నిమ్మరసం, కాస్త సగ్గుబియ్యం జావ. అంతే. తనూ అదే తాగింది. కాళ్ళ కింద మూటలు పెట్టి నన్ను పడుకోబెట్టింది. నీళ్ళ వరసకు ఇక తను వెళ్ళలేదు, తాడేపల్లిగూడెం ఆవిడను బతిమాలి పంపించేది. తన చాప నా చాపకూ ఆవిడ చాపకూ మధ్యకు జరుపుకుంది. గాలి బాగా తగులుతుందని అంది. పూటకు మూడుసార్లు దారం చుట్టి చూసేది. ఒకసారి ఎడం కాస్త పెరిగినట్టుంటే దారాన్ని పిడికిట్లో దాచేసింది. నాకు తెలియదనుకుంది.

నాలుగో రోజు పొద్దున ఓడ సముద్రం వదిలి రంగూన్ నదిలోకి తిరిగింది. నీళ్ళ రంగు మారి బురదగా కనిపించింది. అత్త దారం చుట్టింది. ముడి కొసను ఇంకా తాకలేదు గానీ, మధ్యలో గోరు పట్టేంత ఎడమే ఉంది. ఆవిడ నిట్టూర్చిన చప్పుడు నాకు వినపడింది.

అప్పుడు బకెట్టు వదిలి నది నీళ్ళు తోడింది. వేలు ముంచి నాకింది. కళ్ళు మూసుకుంది. “బాగా లోపలికొచ్చేం. తియ్యనీళ్ళే” అంది. కుండ నోటికి కట్టిన వల విప్పి, ఆ నీళ్ళు కుండలో పోసింది. బతికున్న చేపలు మూడే. కాసేపటికి అవి కదలడం చూసి, కుండను తాడుతో నీళ్ళ దాకా దించి, వంచేసింది. “పొండమ్మా, ఇదీ ఏరే” అని వాటికి చెప్పింది. రేవు డాక్టరు నా కళ్ళు చూసి, నాలిక చూసి, ఒక్క నిమిషం ఆలోచించి, వెళ్ళమన్నాడు.

ఏడాదిలో నా జబ్బు పూర్తిగా నయమైంది. ఆ ఏడాదంతా వంటలో సాయానికి వచ్చే మనిషి ఉప్పు డబ్బా తీస్తేనే అవతలికి నెట్టేసేదాన్ని. ఎవరింటి భోజనానికి వెళ్ళినా, నోరూరించే పచ్చడి కనిపించినా, డెక్కు మీద నిలబడి తప్పు నాదే అని అరిచిన అత్త గుర్తొచ్చేది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసేదాన్ని. చివరికి ఇక్కడి డాక్టరు కొంచెం ఉప్పు తినొచ్చన్నాడు. అత్తకు సంతోషంగా రాశాను, ఇక నువ్వూ మొదలుపెట్టు అని. ‘నాకు అలవాటైపోయింది’ అని రాయించింది. రెండు నెలలు నా దగ్గరుండి తిరిగి వెళ్ళిన నాటి నుంచీ ఆవిడ పని మళ్ళీ చేపలకు ఉప్పు పట్టించడమే. పగలల్లా మోచేతుల దాకా ఉప్పు. అన్నంలో మాత్రం చిటికెడు లేదు. కొల్లేటికోటలో అదేదో మొక్కు అనుకున్నారు.

మొన్న ఎండల్లో తమ్ముడు రాశాడు, అత్త నీరసించిపోయింది, జావలో ఉప్పు వేసి తాగమని వైద్యుడు చెప్పినా వినడం లేదు అని. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నేను చేసిన పాపానికి ఆవిడ ఇంకా పస్తుంటోంది. కూర్చుని అంతా రాసేశాను. జాడీ, టెంక, నాలుగు పూటలు, నా మౌనం. ‘నీ చేప ఏ పాపమూ ఎరగదు అత్తా, దయచేసి ఉప్పు తిను’ అని రాశాను. ఆ ఉత్తరం సంగతే ఇంతసేపూ నేను లెక్కలు వేస్తున్నది.

ఇక్కడిదాకా రాసి ఆపాను. నిన్న తమ్ముడి రెండో ఉత్తరం వచ్చింది.

నా ఉత్తరం అందిందట. అత్త పోవడానికి రెండు రోజుల ముందు. తమ్ముడు పక్కన కూర్చుని చదివి వినిపించాడట. మాగాయ దగ్గరకు రాగానే ఆవిడ నవ్విందట. నవ్వి నవ్వి దగ్గొచ్చిందట.

“నాకు తెల్దా? మూడో రోజు పొద్దున్నే లేచి ఆవలించింది. మాగాయ కంపు గుప్పుమంది. చెంగుకి నూనె మరక కూడాను.”

“మరి తప్పు నాదేనని ఎందుకన్నావు అత్తా?” అని వీడు అడిగాడట.

“చేపలు చంపింది నేనేగా, అది నిజమేగా. మిగతాదంటావా, నేను తిడితే రెండు రోజులు భయపడేది, మూడో రోజు మళ్ళీ జాడీ దగ్గరికెళ్ళేది. అక్కడ దాన్ని కాయడానికి నేనుంటానా? నేను మానేసేననుకో, దానికి ముద్ద ముద్దకీ నేను గుర్తొస్తాను. రోగిష్టిది, దేశం కాని దేశంలో బతకాలి కదరా.”

ఇది చదివి నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆరేళ్ళు నన్ను లోలోపల కుళ్ళబెట్టింది మహాతల్లి! ఒక్క ఉత్తరంలో ఒక్క మాట రాయించలేకపోయిందా? నాకు నయమయ్యాక కూడా ఎందుకు తినలేదు? గది నాలుగు మూలలా తిరిగాను. తరువాత కూర్చున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

తమ్ముడు ఇంకా రాశాడు. ఆ పూట అత్త తనే అడిగి జావలో ఉప్పు వేయించుకుందట. రెండు గుక్కలు తాగి, “ఎక్కువేసేవురా” అందట. మూడో గుక్క తాగలేదట.

ఉత్తరం మడతల్లో చిన్న కాగితం పొట్లం ఉంది. అత్త తలగడ కింద దొరికిందట. ఎందుకో తెలియక నాకు పంపుతున్నానని రాశాడు. విప్పితే వలదారం. నల్లగా మాసింది. ఒకచోట ముడి.

తలుపు వేసుకుని, పీట మీద కూర్చుని, కుడికాలు ముందుకు చాపాను. చీలమండ చుట్టూ దారం తిప్పాను. ముడి కొసను దాటి వేలెడు ముందుకు వెళ్ళింది. అత్త అయితే ఇంతటితో ఆగేది కాదు, బొటనవేలితో ఒకసారి నొక్కి చూసేది. నేనే నొక్కుకున్నాను. గుంట పడలేదు.